ఆ చుక్క గ్రహమేనా?

మొన్న తొమ్మిదో తరగతిలో పాఠం ముగిశాక పిల్లలకు ఒక ఛాయాచిత్రం చూపించాను. పైపైన చూస్తే అందులో ఏమంత విశేషం లేదు. అంతా నలుపు. నడుమ ఒక మసక మచ్చ. దాని చుట్టూ నాలుగు చుక్కలు. అంతే.

"ఇవి నాలుగూ గ్రహాలు. మన సూర్యుడి చుట్టూ తిరిగేవి కావు. 133 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో నక్షత్రం చుట్టూ తిరిగేవి" అన్నాను, నేనే కనిపెట్టినంత గొప్పగా.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ! అవి గ్రహాలేనని ఎలా నమ్మడం? అద్దం మీద మరకలు కావచ్చుగా? లేదా వెనకాల ఎక్కడో ఉన్న వేరే నక్షత్రాలు కావచ్చుగా?"

తరగతి అంతా గొల్లున నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. ఈ ఫొటో తీసిన శాస్త్రజ్ఞులు కూడా ముందుగా తమను తాము వేసుకున్న ప్రశ్న అదే మరి! ఇంతలో గంట కొట్టారు. ఆ రోజు జవాబు పూర్తి కాలేదు. ఆ జవాబే ఈ వ్యాసం. చదివి, నమ్మదగినదో కాదో మీరే తేల్చండి.

గోళీ, నాలుగు ఆవగింజలు

ఆ నక్షత్రాన్ని హెచ్.ఆర్. 8799 అంటారు. అదేం పేరని అడక్కండి. నక్షత్రాల పట్టికలో దాని వరస సంఖ్య అది.

సూర్యుడికీ భూమికీ మధ్య దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. దాన్ని ఒక్క మీటరు అనుకుందాం. మీ బడి జెండా కర్ర దగ్గర ఒక గోళీ పెట్టండి. అది హెచ్.ఆర్. 8799. అక్కడి నుంచి 16 మీటర్ల దగ్గర ఒక ఆవగింజ, 26 మీటర్ల దగ్గర ఒకటి, 40 మీటర్ల దగ్గర ఒకటి, 70 మీటర్ల దగ్గర మరొకటి పెట్టండి. అవే మన నాలుగు గ్రహాలు. ఇదే లెక్కలో మన నెప్ట్యూన్ సూర్యుడికి 30 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే ఆ కుటుంబం ఆవరణ మనదానికి రెండింతలకు పైనే. ఆవగింజలని చిన్నచూపు చూడకండి. ఒక్కొక్కదానిలో మన గురుగ్రహానికి ఐదు నుంచి పది రెట్ల పదార్థం ఉంది.

మరి ఈ ఆవగింజలను మనం ఎంత దూరం నుంచి చూడాలి? 8,400 కిలోమీటర్ల దూరం నుంచి! భూగోళం వ్యాసంలో అది మూడింట రెండు వంతులు.

ఆకాశంలో దూరాలను కోణాలతో కొలుస్తారు. ఒక డిగ్రీలో 60 కలలు, ఒక కలలో 60 వికలలు. మీ ఇంట్లో పంచాంగం చూసే తాతగారు ఉంటే ఈ మాటలు ఆయనకు బాగా తెలుసు. రెండు సెంటీమీటర్ల నాణేన్ని నాలుగు కిలోమీటర్ల దూరంలో ఎవరైనా పట్టుకుంటే, అది మన కంటి దగ్గర చేసే కోణం ఒక వికల. మన నాలుగు గ్రహాల్లో వెలుపలిది నక్షత్రానికి 1.7 వికలల ఎడంగా ఉంది. లోపలిది 0.4 వికల కూడా లేదు. అంటే అదే నాణేన్ని 11 కిలోమీటర్ల అవతల పట్టుకున్నట్టు!

అయినా దూరం అసలు చిక్కు కాదు. పెద్ద దూరదర్శినులకు అంత చూపు ఉంది. అసలు చిక్కు వెలుగుతో.

మా చిన్నతనంలో ఊళ్లో వీధినాటకాలు ఆడేవారు. వెలుతురుకు పెట్రోమాక్సు దీపాలు పెట్టేవారు. ఆ దీపానికి ఎదురుగా కూర్చుంటే దాని పక్కన మనిషి ఉన్నాడో లేడో తెలిసేది కాదు. ఇక ఆ పక్కనే ఎవరైనా అగరువత్తి వెలిగించినా దాని చివర ఉన్న నిప్పుకణిక కనపడుతుందా? నక్షత్రం పక్కన గ్రహం సంగతీ అంతే. గ్రహానికి సొంత వెలుగు లేదు. నక్షత్రం వెలుగులో కొంచెం తిప్పి పంపుతుంది. దూరం నుంచి చూసేవారికి మన గురుగ్రహం సూర్యుడి కంటే సుమారు 100 కోట్ల రెట్లు మసకగా ఉంటుంది.

అందుకే, 2025 సెప్టెంబరు నాటికి ఇతర నక్షత్రాల గ్రహాలు 6,000కు పైగా లెక్కకెక్కినా, వాటిలో ఫొటోకు చిక్కినవి వంద కూడా లేవు. మిగిలినవన్నీ దాదాపుగా పరోక్షంగా దొరికినవే. గ్రహం అడ్డు వచ్చినప్పుడు నక్షత్రం రవంత మసకబారుతుంది. లేదా గ్రహం లాగడం వల్ల నక్షత్రం అటూ ఇటూ ఊగుతుంది. వీటిని బట్టి గ్రహం ఉందని చెబుతారు. కానీ ఈ పద్ధతుల్లో నిజం తేలాలంటే సాధారణంగా ఆ గ్రహం ఒక చుట్టయినా తిరగాలి. హెచ్.ఆర్. 8799 వెలుపలి గ్రహానికి ఒక చుట్టు తిరగడానికి సుమారు 450 ఏళ్లు పడుతుంది. అంతకాలం ఎవరు కాచుకుని కూర్చుంటారు? అలాంటి దూరపు గ్రహాలను పట్టుకోవాలంటే ఫొటో తీయడమే మంచి దారి.

చల్లారని ఇనుము

కమ్మరి కొలిమి చూశారా? నిప్పులోంచి తీసిన ఇనుము ఎర్రగా వెలుగుతుంది. కొంతసేపటికి ఎరుపు పోయి మామూలు ఇనుములాగే కనపడుతుంది. కానీ ముట్టుకుంటే చురుక్కుమంటుంది! వెలుగు పోయినా దానిలోంచి వేడి వస్తూనే ఉంటుంది. కంటికి కనపడని ఆ వేడి వెలుగునే పరారుణ కిరణాలంటాం.

గ్రహాలూ అంతే. దుమ్ము, వాయువులు ఒకచోట కూడి, గురుత్వాకర్షణకు లోబడి కుదించుకుపోతూ ఉన్నప్పుడు గ్రహం బాగా వేడెక్కుతుంది. తర్వాత కోట్ల ఏళ్ల పాటు నెమ్మదిగా చల్లారుతుంది. హెచ్.ఆర్. 8799 వయస్సు సుమారు 3 కోట్ల ఏళ్లు. అమ్మో, అంత ముసలిదా అనుకుంటున్నారేమో! మన సూర్యుడి వయస్సు 460 కోట్ల ఏళ్లు. సూర్యుణ్ణి 46 ఏళ్ల మనిషి అనుకుంటే, హెచ్.ఆర్. 8799 నాలుగు నెలలైనా నిండని పసిబిడ్డ. అందుకే దాని గ్రహాలు ఇంకా 600 నుంచి 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడితో ఉన్నాయి. పరారుణ కిరణాల్లో చూస్తే అవి నక్షత్రం కంటే సుమారు లక్ష రెట్లే మసక. 100 కోట్ల రెట్లు ఎక్కడ, లక్ష రెట్లు ఎక్కడ! పని 10,000 రెట్లు సులభమైంది.

గ్రహాల ఫొటోల కోసం శాస్త్రజ్ఞులు ఎక్కువగా పసి నక్షత్రాల వెంట పడడానికి కారణం ఇదే.

మూడు ఉపాయాలు

లక్ష రెట్లన్నా తక్కువేమీ కాదు. ఇక్కడ మూడు ఉపాయాలు పన్నారు.

మొదటిది, గాలి చేసే అల్లరిని అణచడం. నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయని పాడుకుంటాం. ఖగోళ శాస్త్రజ్ఞుడికి మాత్రం ఆ మిణుకు పెద్ద తలనొప్పి. వేడిగాలి, చల్లగాలి కలిసి కదులుతూ వెలుగును అటూ ఇటూ వంచుతాయి. ఎండలో తారు రోడ్డు మీద దూరపు బస్సు అలలు అలలుగా కనపడదూ, అలాగన్నమాట. దీనికి విరుగుడుగా దూరదర్శినిలో వంగే అద్దం ఒకటి అమర్చారు. గాలి ఏ క్షణాన వెలుగును ఎటు వంచిందో కొలిచి, ఆ అద్దం దానికి ఎదురుగా వంగుతుంది. సెకనుకు వందల సార్లు, కొన్నింటిలో వెయ్యి సార్లకు పైగా!

రెండోది, చెయ్యి అడ్డం పెట్టుకోవడం. పెట్రోమాక్సు వెలుగు కళ్లలో పడుతుంటే మనం చేసే పని ఇదేగా! 1930 ప్రాంతంలో బెర్నార్ లియో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దూరదర్శినిలో సూర్యబింబానికి చిన్న పళ్లెం అడ్డుపెట్టి, చుట్టూ ఉండే కాంతివలయాన్ని గ్రహణం లేకుండానే చూశాడు. ఆ పరికరమే కరోనాగ్రాఫు. అంతకుముందు ఆ వలయాన్ని చూడాలంటే సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఎదురుచూడవలసి వచ్చేది.

1980 ఫిబ్రవరి 16న అలాంటి గ్రహణం మన తెలుగు నేల మీదుగానే సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలించారు. నేనప్పుడు ఏడో తరగతి. మా ఇంట్లో పెద్దవాళ్లు భయపడి తలుపులు వేసి మమ్మల్ని లోపలే కూర్చోబెట్టారు. ఆ వలయాన్ని చూడలేకపోయానే అన్న లోటు నాకింకా ఉంది. లియో చేసిన పనిని పాఠం చెప్పినప్పుడల్లా అది గుర్తుకొస్తుంది. గ్రహణం కోసం కాచుకోకుండా, దూరదర్శినిలోనే చిన్న గ్రహణాన్ని తయారుచేశాడాయన! సూర్యుడికి చేసిన ఆ ఉపాయాన్నే ఇప్పుడు దూరపు నక్షత్రాలకు చేస్తున్నారు.

మూడోది అన్నిటికంటే చిత్రమైనది. మన వెనక బెంచీ అమ్మాయి అడిగిన మరకల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఎంత అడ్డుపెట్టినా నక్షత్రం వెలుగు కొంత చిమ్ముతుంది. అద్దాల్లోని అతి చిన్న లోపాల వల్ల ఫొటో నిండా మరకలు పడతాయి. ఒక్కో మరక అచ్చం గ్రహంలాగే ఉంటుంది. ఏది మరక? ఏది గ్రహం?

మీరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. అద్దం మీద తెల్లటి చుక్కలు. వాటిలో ఒకటి మరక కాదు, దూరంగా చేలో వాలిన కొంగ. బస్సు ఆగి ఉన్నంతసేపూ తేడా తెలియదు. బస్సు కదిలిందా, మరక అద్దంతో పాటే ఉంటుంది. కొంగ మాత్రం వెనక్కి జరుగుతుంది!

ఆకాశంలో బస్సు ఎక్కడిది అంటారా? భూమే మన బస్సు. పున్నమి రాత్రి చంద్రుడిలో కుందేలును చూడండి. చంద్రోదయం వేళ ఒక వైపు వాలి ఉంటుంది. అస్తమించే వేళకు మరో వైపు వాలిపోతుంది. భూమి తిరగడం వల్ల మనకు ఆకాశమే తిరిగినట్టు కనపడుతుంది. మామూలుగా ఫొటో చెదరకుండా కెమెరాను కూడా ఆకాశంతో పాటే తిప్పుతారు. ఈ ఉపాయంలో ఆ తిప్పడం ఆపేస్తారు. వరసగా పదుల కొద్దీ ఫొటోలు తీస్తారు. మరకలు దూరదర్శినివి కనుక ప్రతి ఫొటోలోనూ అక్కడే ఉంటాయి. గ్రహం ఆకాశానిది కనుక నక్షత్రం చుట్టూ కొంచెం కొంచెం జరుగుతుంది. మారకుండా ఉన్నదాన్నంతా కంప్యూటరు తీసివేస్తుంది. తర్వాత ఆకాశం తిరిగిన మేరకు ఫొటోలను వెనక్కి తిప్పి, ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. మరకలు పోతాయి. కొంగ మిగులుతుంది!

ఈ పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు క్రిస్టియన్ మరోవా. కెనడాలో పనిచేసే ఈ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు హవాయి ద్వీపంలో మౌనాకియా కొండ మీద ఉన్న జెమినీ, కెక్ దూరదర్శినులతో హెచ్.ఆర్. 8799ను ఫొటోలు తీశారు. మూడు చుక్కలు మిగిలాయి.

పెళ్లివారా, చూడవచ్చినవారా?

మరకలు కావని తేలింది. మరి అమ్మాయి రెండో ప్రశ్న? వెనకాల ఎక్కడో ఉన్న నక్షత్రాలు కావచ్చుగా?

దీనికి ఒక్క ఫొటో చాలదు. ఓపిక పట్టి కొన్ని నెలల తర్వాత, మళ్లీ ఏడాది తర్వాత తీయాలి. నక్షత్రాలు కదలవని మనం అనుకుంటాం. నిజానికి కదులుతాయి. హెచ్.ఆర్. 8799 ఆకాశంలో ఏడాదికి సుమారు ఎనిమిదో వంతు వికల జరుగుతుంది. ఎంతో వెనకాల ఉన్న నక్షత్రంలో అంత కదలిక కనపడదు. పెళ్లి ఊరేగింపు వెళుతున్నప్పుడు పల్లకీతో పాటు నడిచేవాళ్లు పెళ్లివారు. అరుగుల మీద నిలబడిపోయేవాళ్లు చూడవచ్చినవారు. ఏ చుక్క ఎవరో అలా తెలిసిపోతుంది.

మూడు చుక్కలూ నక్షత్రంతో పాటే నడిచాయి. అంతేకాదు, నక్షత్రం చుట్టూ మూడూ ఒకే దిశలో రవంత తిరిగాయి కూడా. అప్పుడుగాని 2008 నవంబరు 13న లోకానికి చెప్పలేదు. 2010లో ఇంకా లోపలగా నాలుగో గ్రహం కూడా దొరికింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. అంతకుముందే 2004లో చిలీ దేశంలోని పెద్ద దూరదర్శిని ఒక గ్రహం ఫొటో తీసింది. కాని అది తిరిగేది నిజమైన నక్షత్రం చుట్టూ కాదు, నక్షత్రం కాలేకపోయిన ఒక మసక గోళం చుట్టూ. ఒకే నక్షత్రం చుట్టూ ఒక కుటుంబమే ఫొటోలో కనపడడం మాత్రం హెచ్.ఆర్. 8799తోనే మొదలు.

తర్వాత మరో తమాషా జరిగింది. 1998లో హబుల్ అంతరిక్ష దూరదర్శిని ఇదే నక్షత్రాన్ని ఫొటో తీసి ఉంది. అందులో అప్పుడెవరికీ ఏమీ కనపడలేదు. కొత్త ఉపాయాలతో ఆ పాత ఫొటోలను మళ్లీ శోధిస్తే, 2009లో వెలుపలి గ్రహం అందులోనూ బయటపడింది! పదేళ్లుగా బీరువాలోనే ఉందన్నమాట. ఇప్పుడైతే ఏళ్ల తరబడి తీసిన ఫొటోలను వరసగా పేర్చి చిన్న చలనచిత్రమే చేశారు. నాలుగు గ్రహాలూ కక్ష్యల్లో నడవడం కంటితో చూడవచ్చు. లోపలి గ్రహం సుమారు 50 ఏళ్లకు ఒక చుట్టు తిరిగితే, తర్వాతివి ఒక్కొక్కటీ దాదాపు రెట్టింపు, మళ్లీ రెట్టింపు కాలం తీసుకుంటున్నాయి.

మాయమైన గ్రహం

అయితే అమ్మాయి అనుమానం ఎప్పుడూ తప్పే అనుకోకండి. హెచ్.ఆర్. 8799 వార్త వచ్చిన రోజునే మరో వార్త కూడా వచ్చింది. 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఫోమల్‌హాట్ అనే నక్షత్రం దగ్గర, 2004లోనూ 2006లోనూ హబుల్ తీసిన ఫొటోల్లో ఒక చుక్క కనపడింది. నక్షత్రంతో పాటే కదిలింది, చుట్టూ కూడా జరిగింది. గ్రహమన్నారు. 2015లో దానికి డాగన్ అని పేరు కూడా పెట్టారు.

కాని మొదటి నుంచీ ఒక సందేహం పీడిస్తూనే ఉంది. అది నిజంగా పసి గ్రహమైతే వేడిగా ఉండాలి. పరారుణంలో బాగా కనపడాలి. ఎంత వెదికినా అందులో కనపడలేదు! ఏటేటా ఆ చుక్క మసకబారుతూ, వెడల్పవుతూ వచ్చింది. 2014 ఫొటోలో అసలు లేదు. గ్రహం కరిగిపోతుందా? 2020లో ఆండ్రాష్ గాష్‌పార్, జార్జి రీకీ అనే శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి, అది గ్రహం కాదనీ, మంచుతో నిండిన రెండు గోళాలు ఢీకొంటే లేచిన దుమ్ము మేఘమనీ వివరించారు. దుమ్ము విడిపోయింది, చుక్క పోయింది.

ఇది శాస్త్రానికి అవమానమా? కాదు. ఫొటో అబద్ధం చెప్పలేదు. దాన్ని మనం చదివిన తీరు మారింది. పేరు పెట్టినంత మాత్రాన ఏదీ గ్రహమైపోదు. మళ్లీ మళ్లీ చూసి, ప్రతి పరీక్షకూ నిలబడితేనే అవుతుంది.

వెలుగు చెప్పిన కబుర్లు

గ్రహం వెలుగును విడిగా పట్టుకోగలిగితే మరో గొప్ప లాభం ఉంది. పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడగొట్టిన ప్రయోగం మీరు చేసే ఉంటారు. అలాగే గ్రహం వెలుగును విడగొట్టి వర్ణపటం చూస్తే, దాని వాతావరణంలో ఏ వాయువులున్నాయో తెలుస్తుంది. 2013లో ఈ కుటుంబంలోని ఒక గ్రహంలో నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడు ఉన్నట్టు స్పష్టంగా కనుగొన్నారు. 2025 మార్చిలో జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని ఈ గ్రహాల్లో బొగ్గుపులుసు వాయువును చూసిన వార్త వచ్చింది.

అందులో విశేషమేమిటంటారా? ఇంత దూరాన ఇంత పెద్ద గ్రహాలు ఎలా పుట్టాయన్నది పెద్ద చిక్కుముడి. ఒక దారి, రాయి, మంచు ముక్కలు కూడి గట్టి ముద్దయి, అది చుట్టూ ఉన్న వాయువును లాక్కోవడం. రెండో దారి, వాయువు మేఘమే ఒక్కసారిగా కుప్పకూలి గ్రహం కావడం. మొదటి దారిలో పుట్టిన గ్రహంలో కార్బన్, ఆక్సిజన్ వంటి బరువైన మూలకాలు ఎక్కువ పాళ్లలో ఉండాలి. బొగ్గుపులుసు వాయువు అంతగా కనపడడం మొదటి దారి వైపే వేలు చూపిస్తోంది. మన గురుడు, శని పుట్టింది కూడా ఆ దారినే అని శాస్త్రజ్ఞుల నమ్మకం. అంటే 133 కాంతి సంవత్సరాల అవతల మనం చూస్తున్నది మన ఇంటి పాత కథే కావచ్చు!

పసి గ్రహాలే కాదు, చల్లారిన గ్రహాలు కూడా ఇప్పుడిప్పుడే చిక్కుతున్నాయి. 2024 జూలైలో 12 కాంతి సంవత్సరాల దూరంలోని ఎప్సిలాన్ ఇండి అనే నక్షత్రం దగ్గర ఒక పెద్ద గ్రహాన్ని జేమ్స్ వెబ్ ఫొటో తీసిందని ప్రకటించారు. దాని వేడి సుమారు 2 డిగ్రీల సెంటీగ్రేడు. మన ఇళ్లల్లో ఫ్రిజ్ అంత చల్లన! మరి భూమి లాంటి గ్రహం? అది సూర్యుడి లాంటి నక్షత్రం కంటే సుమారు 1,000 కోట్ల రెట్లు మసక. దాని ఫొటో ఇంతవరకూ ఎవరూ తీయలేదు. ఆ పని మీ తరానికి మిగిలి ఉంది.

మీరు చూడవలసిన గీత

చివరగా మీకొక పని. దీపావళి వెళ్లిన కొత్తలో, చంద్రుడు లేని రాత్రి ఎనిమిది గంటలకు ఆరుబయట నిలబడి నడినెత్తికి చూడండి. నాలుగు నక్షత్రాల పెద్ద చతురస్రం కనపడుతుంది. తూర్పు వైపు రెండూ ఉత్తరాభాద్ర, పడమటి వైపు రెండూ పూర్వాభాద్ర. పూర్వాభాద్ర నక్షత్రాలు రెంటినీ కలుపుతూ మనసులో ఒక గీత గీయండి.

ఆ గీత నడిమికి రవంత తూర్పున ఉన్నదే హెచ్.ఆర్. 8799. దీపాలు లేని పల్లెలో, మంచి చూపు ఉన్నవారికి అతి కష్టం మీద కనపడుతుంది. బైనాక్యులర్స్ ఉంటే సులభం. గీతకు రవంత పడమట 51 పెగసై ఉంది. సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని మొట్టమొదట తెలిసింది అక్కడే. 1995లో మిషెల్ మాయర్, డిడియే కెలోజ్ ఆ నక్షత్రం ఊగడాన్ని బట్టి కనిపెట్టారు. అందుకు 2019లో నోబెల్ బహుమతి పొందారు. ఇక అదే గీతను దక్షిణానికి, దాని పొడవుకు మూడున్నర రెట్లు పొడిగించండి. ఒంటరిగా, ప్రకాశంగా మెరిసేది ఫోమల్‌హాట్.

ఒకచోట గ్రహం కనపడకుండానే తెలిసింది. ఒకచోట నాలుగు గ్రహాలు కనపడ్డాయి. ఇంకోచోట గ్రహమనుకున్నది దుమ్మని తేలింది. మూడూ ఇంచుమించు ఒకే గీత మీద ఉన్నాయి. మా తొమ్మిదో తరగతి వాళ్లను ఈసారి దీపావళి తర్వాత బడి డాబా మీదకు తీసుకువెళుతున్నాను. గీత ఎక్కడుందో చూపించే పని వెనక బెంచీ అమ్మాయికి అప్పగించాను. మీరూ మీ బడిలో చూసి, ఏం కనపడిందో గోడపత్రికలో రాయండి. కనపడకపోతే, కనపడలేదనే రాయండి.